రాక్ పాట, సోల్ పాట, మన తండా పాట



పోయిన సంచికలో విటమిన్ల గురించి, గ్రహణాల గురించి మంచి వ్యాసాలు వచ్చినవి. ఈసారి నేను పాటల గురించి రాస్తున్నాను. సినిమా పాటలు కాదు. రాక్ అనీ, సోల్ అనీ పిలిచే అమెరికా, ఇంగ్లండు పాటలు. "మనకు ఇంగ్లీషు గ్రామరే రాదు, ఇంగ్లీషు పాటలెందుకురా" అని కొందరు అంటారని నాకు తెలుసు. అర్థం కాకుండానే హిందీ పాటలకు ఎగురుతున్నాము కదా, ఇదీ అంతే. పైగా ఈ పాటలు పుట్టిన కథ వింటే మన తండాల కథ లాగనే ఉంటది.

మొదట మన చిరాగ్‌పల్లి రోడ్డు సంగతి. రాత్రంతా లారీలు పోయే ఈ రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారి. పెద్దవాళ్లు ఇప్పటికీ 9వ నంబరు రోడ్డు అనే అంటారు. తూర్పుకు పోతే హైదరాబాదు, విజయవాడ, మచిలీపట్నం. పడమటికి పోతే హుమ్నాబాదు, షోలాపూరు, పూణె. పూణె దాటి దక్షిణంగా ఇంకో వంద కిలోమీటర్లు పోతే కొండల మీద పంచ్‌గని అనే ఊరున్నది. అక్కడ ఒక బోర్డింగు స్కూల్లో 1950లలో ఫరూఖ్ బుల్సారా అనే పార్సీ పిల్లవాడు చదివినాడు. తల్లిదండ్రులు ఎక్కడో ఆఫ్రికా పక్కన జాంజిబార్ దీవిలో ఉండేవారు. ఎనిమిదేండ్ల వయసులో ఓడ ఎక్కి సముద్రం దాటి వచ్చి హాస్టల్లో చేరినాడు. మనకు జహీరాబాద్ నుంచి బస్సు ఎక్కితేనే మొదటి వారం కళ్లల్లో నీళ్లు తిరుగుతవి. ఆ పిల్లవాడికి ఎట్లుండెనో ఆలోచించండి.

ఆ హాస్టల్లోనే అతనికి ఫ్రెడ్డీ అనే పేరు వచ్చింది. అక్కడే పియానో నేర్చుకున్నాడు. 1958లో నలుగురు దోస్తులతో కలిసి 'హెక్టిక్స్' అని బ్యాండు పెట్టి, స్కూలు ఫంక్షన్లలో వాయించేవాడు. తరువాత 1964లో జాంజిబార్‌లో విప్లవం వస్తే కుటుంబమంతా ఇంగ్లండుకు పోయింది. 1970లో 'క్వీన్' అనే బృందం తయారైంది. ప్రపంచమంతా ఫ్రెడ్డీ మెర్క్యురీ అని పిలిచే గాయకుడు ఈయనే. 1985 జూలై 13న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో డెబ్బై వేలకు పైగా జనం ముందు పాడినాడు. జనమంతా ఒక్కసారి చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టే ఆ వీడియో చూస్తే ఒళ్లు జలదరిస్తది. 1991 నవంబరు 24న చనిపోయినాడు, వయసు 45.

క్వీన్ వాళ్ల పాటల్లో మనం ఇప్పుడే డైనింగ్ హాల్లో వాయించగలిగినది ఒకటున్నది. 1977లో వచ్చిన 'వి విల్ రాక్ యూ'. ఆ పాట చివరి దాకా డ్రమ్ములు లేవు, గిటారు కూడా ఆఖరులోనే వస్తది. మిగతాదంతా కాళ్లు, చేతులే. రెండుసార్లు నేలను తొక్కాలె, ఒకసారి చప్పట్లు కొట్టాలె, నాలుగో దెబ్బకు ఊరకుండాలె. ధడ్, ధడ్, చప్, ఖాళీ. ఆ ఖాళీలోనే మజా అంతా ఉన్నది. కొందరే తొక్కినా వేల మంది తొక్కినట్టు వినిపిస్తది. ఎందుకంటే అదే చప్పుడును కొంచెం కొంచెం ఆలస్యంగా ఒకదాని మీద ఒకటి పేర్చి రికార్డు చేసినారు. ఆ ఉపాయం చేసిన బ్రయన్ మే ఫిజిక్సు చదివినవాడు. పాటల కోసం మధ్యలో ఆపేసిన పీహెచ్‌డీని 2007లో, అరవై ఏండ్ల వయసులో పూర్తి చేసినాడు. గిటారు కొనడానికి డబ్బులు లేక, 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే తయారు చేసుకున్నాడు. పాత పొయ్యి గూటికి ఉన్న చెక్క, పాత మోటారు సైకిలు స్ప్రింగులు, అంగీ గుండీలు, అల్లిక సూది కొన. అదే గిటారును జీవితాంతం వాయిస్తున్నాడు. సైన్సు ఫెయిరులో మనం పెట్టే అగ్నిపర్వతం కంటే ఇది మేలు అని నా అభిప్రాయం (సైన్సు సారు క్షమించాలె).

ఇక అసలు సంగతికి వస్తాను. "రాక్ అంటే రాయి కదా?" అని ఒక తమ్ముడు అడిగినాడు. ఇక్కడ రాయి కాదు. రాక్ అంటే ఊగుట, రోల్ అంటే దొర్లుట. రాక్ అండ్ రోల్ అనేది ఎగిరి ఆడే పాట. కానీ దాని వేరు మాత్రం దుఃఖంలో ఉన్నది.

ఆఫ్రికా నుంచి నల్లజాతివారిని బానిసలుగా అమెరికాకు తీసుకుపోయి పత్తి చేన్లల్లో పని చేయించినారు. 1865లో బానిసత్వాన్ని చట్టం ప్రకారం రద్దు చేసినారు గానీ, భూమి దొరలదే, పని వీళ్లదే. చేన్లో ఒకరు ఒక మాట పాడితే మిగతావారు అందుకునేవారు. మన దగ్గర నాట్లు వేసేటప్పుడు ఒక అవ్వ ఎత్తుకుంటే వరుసంతా అందుకుంటది చూడండి, అచ్చం అదే. ఆదివారం చర్చిలో పాడేది కూడా ఈ పద్ధతిలోనే. చేను పాట నుంచి 'బ్లూస్' వచ్చింది. చర్చి పాట నుంచి 'గాస్పెల్' వచ్చింది. బ్లూస్‌కు కరెంటు గిటారు తగిలి, వేగం పెరిగి రాక్ అయింది. గాస్పెల్ గుండెకాయ, బ్లూస్ నడక కలిసి సోల్ అయింది. సోల్ అంటే ఆత్మ. నేను ఒక్క ముక్కలో చెప్పినాను గానీ, ఇదంతా జరగడానికి వందేండ్లు పట్టింది.

బ్లూస్ కట్టడం చాలా సులువు. ఒక మాట చెప్తారు. అదే మాట మళ్లీ చెప్తారు. మూడో వరుసలో జవాబు చెప్తారు. ఉదాహరణకు నేను అల్లినది ఒకటి:

కోతకు పోయిన బాపు ఇంకా రాలేదు,
కోతకు పోయిన బాపు ఇంకా రాలేదు,
దీపం పెట్టి యాడి దారి చూస్తున్నది.

ఒక్కో వరుసకు 16 దెబ్బలు, మూడు వరుసలకు 48. నాలుగు దెబ్బలను ఒక గడి అనుకుంటే మొత్తం 12 గడులు. అందుకే దీన్ని పన్నెండు గడుల బ్లూస్ అంటారు. వరుసకున్న 16 దెబ్బల్లో సగం దాకానే మనిషి పాడతాడు. మిగతా సగంలో గిటారు జవాబు చెప్తది. అంటే మనిషి ఒంటరిగా పాడుకున్నా తోడు ఒకటి ఉంటది. ఇక రాక్ పాటలో చప్పట్లు ఎక్కడ కొట్టాలంటే, ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టి రెండు మీద, నాలుగు మీద కొట్టాలె. ఒకటి మీద కొడితే భజన అవుతది. రాత్రి ప్రయత్నించి చూడండి, స్టడీ అవర్‌లో మాత్రం వద్దు.

ఈ గాయకుల్లో నాకు అందరికంటే ఇష్టమైనవాడు రే చార్లెస్. 1930లో పుట్టినాడు. ఏడేండ్లకల్లా చూపు పూర్తిగా పోయింది. తల్లి బట్టలు ఉతికి బతికేది. పేరు అరీతా. కళ్లు లేవని కొడుకును మూలకు కూర్చోబెట్టలేదు. కట్టెలు కొట్టించింది, బట్టలు ఉతికించింది, తన పని తాను చేసుకోవడం నేర్పింది. తరువాత ఫ్లోరిడా రాష్ట్రంలో సెయింట్ ఆగస్టీన్ అనే ఊర్లో చెవిటి, అంధ పిల్లల ప్రభుత్వ వసతి పాఠశాలకు పంపింది. ఆ బడిలో కూడా నల్ల పిల్లలు వేరు, తెల్ల పిల్లలు వేరు. కళ్లు లేని పిల్లలకు కూడా రంగు చూసి గోడ కట్టినారంటే ఏమనాలె? రే అక్కడే బ్రెయిలీ చుక్కలతో సంగీతం చదవడం నేర్చుకున్నాడు. ఒక చేత్తో చుక్కలు తడుముతూ ఇంకో చేత్తో వాయించాలె. రెండు చేతులతో వాయించాలంటే ముందు మొత్తం కంఠస్థం కావాలె. మనం ఎక్కాలకే ఏడుస్తాము.

1945లో తల్లి చనిపోయింది. రే ఆ బడి విడిచి పియానో వాయిస్తూ ఊరూరా తిరిగినాడు. 1954లో చర్చి పాటల బాణీని ప్రేమ పాటకు పెట్టి 'ఐ గాట్ ఎ వుమన్' పాడినాడు. దేవుని రాగాన్ని ఆడమనిషి మీద పాటకు పెడతావా అని చర్చికి పోయేవాళ్లు చాలామంది తిట్టినారు. సోల్ సంగీతానికి అది మొదలు అంటారు. 1961లో జార్జియా రాష్ట్రంలోని అగస్టా ఊర్లో కచేరీకి నల్లవారిని, తెల్లవారిని వేరువేరుగా కూర్చోబెడతారని తెలిసి పాడను అని వెళ్లిపోయినాడు. ఒప్పుకున్న కచేరీ తప్పినందుకు జరిమానా కట్టవలసి వచ్చింది. అదే జార్జియా 1979లో ఆయన పాడిన 'జార్జియా ఆన్ మై మైండ్' పాటను తమ రాష్ట్ర గీతంగా పెట్టుకున్నది. ఆయన 2004లో చనిపోయినాడు.

ఇంకొకరు అరీతా ఫ్రాంక్లిన్ (1942–2018). పై తల్లి పేరు, ఈమె పేరు ఒకటే, కానీ చుట్టరికం లేదు. తండ్రి చర్చి పాస్టరు. ఈమె చిన్నప్పటి నుంచి ఆ చర్చిలోనే పాడింది. 'రెస్పెక్ట్' అనే పాటను మొదట 1965లో ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడు రాసి పాడినాడు. అందులో పని చేసి ఇంటికొచ్చిన మగవాడు నాకు మర్యాద ఇవ్వు అని అడుగుతాడు. 1967లో అరీతా అదే పాటను ఆడమనిషి అడిగినట్టు మార్చి పాడింది. పాట అదే, పాడే మనిషి మారితే అర్థం తిరగబడింది. హక్కుల కోసం కొట్లాడే నల్లవారు, ఆడవారు అందరూ దాన్ని తమ పాట చేసుకున్నారు. రెస్పెక్ట్ అంటే తెలుగులో గౌరవం అని డిక్షనరీలో ఉన్నది. నాకైతే మన 'ఇజ్జత్' అనే మాటే సరిగ్గా సరిపోతది అనిపిస్తది.

ఓటిస్ సంగతి కూడా చెప్పాలె. 1967 డిసెంబరు 10న విమానం చెరువులో కూలి 26 ఏండ్లకే చనిపోయినాడు. దానికి మూడు రోజుల ముందే 'డాక్ ఆఫ్ ది బే' పాట పని చేసినాడు. చివర ఈల వేస్తాడు. ఆయన పోయిన తర్వాత 1968లో ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వచ్చింది. ఆ ఈల వింటే నాకు గొడ్లు కాసేటప్పుడు పొద్దు గూకే వేళ గుర్తుకొస్తది.

కరెంటు గిటారు ఎట్లా పని చేస్తది అనే దానికి మన కిన్నెరే మంచి ఉదాహరణ. తీగ ఒక్కటే మీటితే చప్పుడు బయటికి రాదు, ఎందుకంటే సన్నటి తీగ ఎక్కువ గాలిని కదిలించలేదు. కిన్నెరకు కింద ఎండిన సొరకాయ బుర్రలు కడతారు. తీగ వణుకు బుర్రకు చేరి, బుర్ర లోపలి గాలి కదిలి, చప్పుడు పెద్దదవుతది. కరెంటు గిటారుకు బుర్ర లేదు, అది గట్టి చెక్క. స్టీలు తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టలు ఉంటవి. స్టీలు తీగ వణికితే అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో చిన్న కరెంటు పుడతది (పదో తరగతి అన్నలకు ఈ పాఠం ఉన్నది). ఆ కరెంటును పెట్టెలో పెద్దగా చేసి స్పీకరుకు పంపుతారు. పెట్టె మోయగలిగినదాని కంటే ఎక్కువ పంపితే శబ్దం అంచులు నలిగి గరగరమంటది. పెళ్లి మైకు గరగరమంటే మనం తిడతాము. జిమి హెండ్రిక్స్ ఆ గరగరనే సంగీతం చేసినాడు. ఎడమచేతి వాటం వాడు, కుడిచేతి గిటారును తిరగేసి, తీగలు మార్చి కట్టుకుని వాయించినాడు. 1970లో 27 ఏండ్లకే పోయినాడు.

కొత్త పాటలు ఎట్లా దొరుకుతవి? నా పద్ధతి చెప్తాను. పాట వింటే దాన్ని ఎవరు రాసినారు, వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని వెనక్కి పోవడమే. రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండు బృందం 1962లో పుట్టింది. ఆ పేరు ఎక్కడిదంటే మడ్డీ వాటర్స్ అనే నల్ల గాయకుని 1950 నాటి పాట నుంచి తీసుకున్నారు. మడ్డీ వాటర్స్ ఎవరంటే పత్తి చేన్ల మధ్య పెరిగిన మనిషి. 1941లో పాటలు సేకరించే అలన్ లోమాక్స్ వాళ్ల ఊరికే పోయి ఆయన పాటను రికార్డు చేసినాడు. పెద్ద చెరువు నుంచి వాగు పట్టుకొని పోతే ఊట దగ్గరికి చేరినట్టు.

ఇందులో అన్నిటికంటే మంచి కథ మిసిసిపి జాన్ హర్ట్‌ది. 1928లో ఆయన పాటలు కొన్ని రికార్డులుగా వచ్చినవి. అవి అమ్ముడుపోలేదు. ఆయన మళ్లీ చేను పనికి పోయినాడు. 35 ఏండ్లు ఎవరూ అడగలేదు. ఒక పాటలో మాత్రం తన ఊరి పేరు ఆవలాన్ అని పాడినాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు ఆ పాట విని, పాత మ్యాపులో ఆవలాన్ ఎక్కడున్నదో వెతికి, పోయి అడిగితే, ముసలాయన అక్కడే ఉన్నాడు. అదే ఏడు న్యూపోర్ట్ జాతరలో వేల మంది ముందు పాడినాడు. 1966లో చనిపోయినాడు. చివరి మూడేండ్లు మాత్రమే లోకం ఆయనను విన్నది. పాటలో ఊరి పేరు లేకపోతే అది కూడా లేదు.

మన దగ్గర దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లా ఆయన. పండుగల సాయన్న కథ పాడుకుంటూ ఊరూరా తిరిగిన మనిషి. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినిపిస్తే అందరూ ఎవరీయన అన్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు పద్మశ్రీ వచ్చిన ఇంకొకరు భద్రాద్రి జిల్లా కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు. కోయల వంశ కథలు, సమ్మక్క సారలమ్మల కథ ఆయనకు నోటికి వచ్చు. 2024లో చనిపోయినారు. ఆయనతో పాటు ఎన్ని పాటలు పోయినవో లెక్క చెప్పేవారు లేరు.

ఇక మన జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. ఊర్ల ఆడవాళ్లే, చేన్లల్లో పని చేసే దళిత మహిళలే నడిపిన రేడియో. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు మైకు పట్టుకున్నారు. విత్తనాల సంగతులు, ఊరి పాటలు, మన దగ్గరి మాటతోనే. పెద్ద స్టూడియో వాళ్లు రావాలె, మన పాట తీసుకోవాలె అని కూర్చోకుండా వాళ్లే చేసినారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన తండాలో పెండ్లి పిల్ల అత్తవారింటికి పోయేటప్పుడు అందరినీ పట్టుకొని ఏడుస్తూ పాడే పాటను ఢావ్లో అంటారు. సోల్ పాట విన్నప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది అదే. ఏడుపు ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైతదో తెలియదు. పోయిన ఏడు మా అక్క పెండ్లిలో డీజే పెట్టినారు. ఛాతి అదిరేటట్టు సప్పుడు. నడుమ జనరేటరులో డీజిల్ అయిపోయి డీజే ఆగింది. అప్పుడు మా నాయనమ్మ ఢావ్లో ఎత్తుకున్నది. అక్క అందుకోవాలె, కానీ అక్కకు రాదు. ఏడ్చింది గానీ పాడలేదు. మా చిన్నమ్మలు రెండు మాటలు అందుకొని ఆగినారు. అంతలో డీజిల్ వచ్చింది.

నాయనమ్మకు తీజ్ పాటలు, హోలీ నాడు పాడే లేంగీలు, ఢావ్లోలు కలిపి ఎన్ని వచ్చునో ఆమెకే తెలియదు. ఎవరూ రాయలేదు. గోర్ బోలి పాటను తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు. కొన్ని శబ్దాలు సరిగ్గా కుదరవు, దాని పక్కన చుక్క పెట్టుకుందాము. కోయ తమ్ముళ్లు, గోండు అన్నలు వాళ్ల పాటలు వాళ్లు రాయాలె. ఒక తమ్ముడు స్టేజీ మీద తండా పాట మొదలుపెడితే వెనుక బెంచీ నుంచి కొందరు నవ్వినారు, వాడు మధ్యలో దిగిపోయినాడు. నవ్విన వాళ్ల పేర్లు నేను రాయను. వాళ్లకూ ఇండ్లల్లో నాయనమ్మలు ఉన్నారు.

వార్డెన్ సారుకు నా మనవి. శనివారం రాత్రి భోజనాల తర్వాత అర్ధగంట పాటలకు ఇవ్వండి. ఒక వారం కంప్యూటర్ రూములోని స్పీకరు మీద రే చార్లెస్, అరీతా, క్వీన్ లాంటివారివి మూడు పాటలు. ఇంకో వారం స్పీకరు బందు పెట్టి మన పాటలు, ఎవరికి వచ్చినది వాళ్లు. తొమ్మిదింటికల్లా లైట్లు ఆర్పే బాధ్యత మా తరగతిది.

రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి గీతలు కొట్టి పెట్టినాను. పాట, పాడినవారు, వారి వయసు, తండా పేరు, ఎప్పుడు పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని ఆరు గళ్లు. తండా పేరు గడి మాత్రం ఎవరూ ఖాళీగా విడవవద్దు. మొదటి పేజీలో మా నాయనమ్మ ఢావ్లో నాలుగు చరణాలు ఉన్నవి. ఐదోది ఆమెకు సగమే గుర్తుకొచ్చింది, మిగతాది వాళ్ల చెల్లెలికి వస్తదట, ఆమె నారాయణఖేడ్ దిక్కు తండాలో ఉంటది. దసరా సెలవులకు అటు పోయేవాళ్లు ఎవరన్నా ఉంటే నాకు చెప్పండి. పుస్తకం నా ట్రంకు పెట్టెలో ఉన్నది, అడిగినవారికి ఇస్తాను.

– తొమ్మిదవ తరగతి విద్యార్థి